చేనులో ఐదు పైపులు

ఫీల్డు పనిలో కొత్తగా చేరిన పిల్లలు ఇప్పటికీ అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. చాయ్ తాగి, కాసేపు మొహమాటపడి, చివరికి అందరూ ఒకటే అడుగుతారు. "సార్, మీ సర్వీసు మొత్తంలో మీరు కనిపెట్టిన పెద్ద నిక్షేపం ఏది?"

"ఐదు ఇనుప పైపులు" అంటాను.

వాళ్లు నవ్వుతారు. నేనూ నవ్వేసి మాట మారుస్తాను. మిగతాది చాయ్ చల్లారేలోపు అయ్యే కథ కాదు. అందుకే ఈసారి రాసి పెడుతున్నాను. చదివాక నన్ను తిట్టుకోవాలనిపిస్తే తిట్టుకోండి, నాకేం అభ్యంతరం లేదు. ఆ పని నేను చాలా ఏళ్లుగా చేస్తూనే ఉన్నాను.

నాది భూమిని తవ్వకుండానే లోపల ఏముందో చెప్పే ఉద్యోగం. జియోఫిజిక్స్ అనే మాట మా అమ్మ నోరు తిరిగేది కాదు. వాడకట్టులో ఎవరడిగినా "మావోడు మిషన్ పెట్టి భూమికి నాడి సూస్తడు" అని చెప్పేది. పెద్ద పెద్ద సెమినార్లలో కూర్చున్నాను గానీ అంతకంటే బాగా చెప్పినవాళ్లు నాకు తగల్లేదు. నాడి చూసేవాడు నోరు అదుపులో పెట్టుకోవాలన్న సంగతి మాత్రం ఆమె చెప్పలేదు, నాకూ తోచలేదు.

మాది సిరిసిల్ల. బట్ట నేసే ఇల్లు. నాకు ఊహ తెలిసేసరికి ఇంట్లో మగ్గం గుంట ఉంది, ఆ గుంటలో కాళ్లు పెట్టి కూర్చోవాల్సిన మా నాయిన మాత్రం మహారాష్ట్రలో, భీవండిలో ఉన్నాడు. చేతి మగ్గం కూడు పెట్టని రోజులు వచ్చి మా వాడలో సగం మంది మగవాళ్లు అక్కడి పవర్‌లూమ్‌ల మీద పనికి పోయారు. నాయిన ఏడాదికోసారి వచ్చేవాడు. ఒక్కో ఏడు అదీ లేదు. నాకు అక్షరాలు రాగానే అమ్మ కార్డు ముక్క చేతికిచ్చి ఉత్తరాలు రాయించేది. బియ్యం సంగతి, నానమ్మ దగ్గు సంగతి, ఇంటి పెంకుల సంగతి చెప్పి, చివరికి వచ్చేసరికి గొంతు తగ్గించి "రమ్మని రాయిర" అనేది. చిన్నప్పుడు నేను అన్నింటికంటే ఎక్కువసార్లు రాసిన మాట అదే. బడిలో రాసినదానికంటే ఆ కార్డుల మీద రాసిందే ఎక్కువ. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

ఈ పైపుల కథ జరిగిన ఏడు మా సర్వే జట్టును కోరుట్లలో దించారు. జగిత్యాలలో మా చిన్న ఆఫీసు, కోరుట్లలో అద్దె ఇల్లు. అక్కడినుంచి ఇబ్రహీంపట్నం వైపు జీపులో పోతే ఒక గుట్ట. ఆ గుట్ట మీద తెల్లరాయి పగుళ్లలో పచ్చ మరకలు ఉండేవి. పచ్చ మరక ఉన్నచోట రాగి ఉంటుంది. మా జియాలజిస్టు ఆ రాయి పగలగొట్టి పరీక్షకు పంపితే రాగితో పాటు బంగారం జాడ ఉన్నట్టు వచ్చింది. జాడ అంటే జాడే, కంటికి ఆనేది కూడా కాదు. కానీ కాగితం మీద బంగారం అనే మాట పడిందంటే ఆఫీసుల్లో మనుషుల నడక మారిపోతుంది. జగిత్యాలలో మా పెద్దసారు రోజూ ఫోన్లో "ఏమైంది, ఏమైంది" అని అడగడం మొదలుపెట్టాడు.

ఆ జియాలజిస్టు జగిత్యాల మనిషే, నాతో పాటే ఉద్యోగంలో చేరినవాడు. నా పరికరాలంటే అతనికి చచ్చేంత చిన్నచూపు. "రాయిని కొట్టి సూడాలె, అవసరమైతే నాకి సూడాలె. గీ డబ్బాలతోని ముచ్చట పెట్టుడు ఏందిర భయ్?" అనేవాడు. ఒకే గదిలో పడుకుని, ఒకే కంచంలో తిన్నంత స్నేహం. రోజూ పొద్దున లేస్తే మాత్రం వాదులాటే.

గుట్ట మీది తెల్లరాయి చార కింద చెలకల్లోకి, అంటే వానాధారపు చేలల్లోకి, దిగి మట్టి కిందికి పోయింది. అక్కణ్నుంచి అది ఎటు పోయిందో, దాంతో పాటు రాగీ బంగారం పోయాయో లేదో తేల్చడం నా పని. వానలు పడి దున్నకాలు మొదలయ్యేలోపు ముగించాలి.

పని రెండు రకాలు. ఒకటి, మాగ్నెటోమీటరు పట్టుకుని తాడు లాగినట్టు గీతల వెంట నడుస్తూ భూమి అయస్కాంతం ఎక్కడ పెరిగింది, ఎక్కడ తగ్గింది అని రాసుకోవడం. రెండోది, ఇనుప మేకులు దిగగొట్టి భూమిలోకి కరెంటు పంపడం. పంపి, ఆపేస్తాం. ఆపాక చూస్తాం. లోపల లోహపు ఖనిజం ఉంటే ఆ కరెంటు వెంటనే పోదు, కాసేపు నిలిచి మెల్లగా చల్లారుతుంది. మామూలు మట్టిలో అయితే ఆపగానే ఆగిపోతుంది. ఎండిన నేలలో కరెంటు దిగదు కాబట్టి ప్రతి మేకు దగ్గరా ఉప్పునీళ్లు పోయాలి.

ఆ ఉప్పునీళ్లు పోసే పనికి ఊరినుంచి వచ్చినవాళ్లలో ఆమె ఒకతె. గౌండ్లవాళ్ల కోడలు. పాతికేళ్లు దాటి ఉండవు. మూడేళ్ల బిడ్డను అత్త దగ్గర వదిలి వచ్చేది. భర్త ఒకప్పుడు తాటిచెట్లు ఎక్కేవాడు, రెండేళ్ల కింద దుబాయ్ పోయాడు. అసలు ఉన్నది మస్కట్‌లో. కానీ మా దగ్గర సముద్రం అవతల ఏ ఊరైనా దుబాయే కదా.

మొదటిరోజే బిందె దించి నడుం మీద చెయ్యి పెట్టుకుని అడిగింది. "భూమికి ఉప్పునీళ్లు తాపుడేంది సార్? గింత సదువు సదివింది గిందుకేనా?"

అందరూ గొల్లున నవ్వారు. నేను కరెంటు సంగతి చెప్పాను. ఆపినాక కూడా లోపల కొంచెంసేపు నిలుస్తుందని చెబుతుంటే ఆమె నవ్వు తగ్గింది.

"ఇడిసిపెట్టినంక గూడ ఇడువదన్నట్టు" అంది.

"అవును చెల్లె."

"మనిషి లెక్కనే ఉన్నది" అని బిందె ఎత్తుకుని తర్వాతి మేకు దగ్గరికి పోయింది.

పనిలోకి దిగేముందు మాకొక ఆనవాయితీ ఉంది. ఎవరి చేనులోకి పోతున్నామో వాళ్లను అడగాలి, మీ భూమిలో ఇనుము ఏమైనా పాతి ఉందా, పైపులు, తీగలు, పాత పనిముట్లు ఏమైనా ఉన్నాయా అని. అడిగి నోట్‌బుక్కులో రాసుకోవాలి. గుట్ట కింద మొదటి చెలక ఆమెదే. గట్టు మీద నిలబడి, పనివాళ్లు ఆరుగురి ముందే ఆమెను అడిగాను.

ఇక్కడే మీరు జాగ్రత్తగా వినాలి. నేను అడగ్గానే ఒకతను రుమాలు విప్పి మళ్లీ తలకు కట్టుకున్నాడు. ఒకామె మంచినీళ్లు తెస్తానని కదిలింది. అందరికంటే పెద్దాయన గుట్టకేసి చూస్తూ బీడీ వెతుక్కున్నాడు. ఎవరూ ఆమె ముఖం చూడలేదు.

"ఏం లేదు సార్" అంది ఆమె.

నేను 'ఏమీ లేదు' అని రాసుకున్నాను. ఎందుకు అడుగుతున్నానో చెప్పలేదు. చెప్పాలని తోచలేదు కూడా. వీళ్లకెందుకు ఇవన్నీ అనుకున్నాను, అంతే. నాయిన కొన్ని నెలలు కార్డు రాయని రోజుల్లో మా వాడవాళ్లు మా అమ్మ ముందు పోస్టుమాన్ మాట ఎత్తకుండా ఎట్లా తప్పుకు తిరిగేవాళ్లో నాకు తెలుసు. సరిగ్గా అలాంటి తప్పుకోవడమే నా కళ్ల ముందు ఆరుగురు చేశారు. సిరిసిల్లలో పుట్టినవాణ్ని, అది ఆనవాలు పట్టలేకపోయాను. ఎంత సిగ్గుచేటు!

మూడోరోజు ఆమె చెలకలో మాగ్నెటోమీటరు ఎగిరిపడింది. గుట్ట మీద అంతంతమాత్రం చూపించిన పరికరం ఇక్కడ ఎప్పుడూ చూడనంత అంకె చూపించింది. పక్కన ఇంకో గీత గీసి నడిచాను, మళ్లీ అదే. ఇంకోటి, మళ్లీ. అవన్నీ గుట్ట మీది తెల్లరాయి చార పోయిన దిక్కులోనే, ఒకే వరసలో ఉన్నాయి. వెంటనే మేకులు కొట్టించి కరెంటు పంపాను. ఆపాక చూస్తే అది చల్లారనే చల్లారడం లేదు! ఇద్దరు సాక్షులు ఒకరినొకరు అడక్కుండా ఒకే మాట చెప్పినట్టు అనిపించింది. వయసులో ఉన్నాను, ఒళ్లు తెలియలేదు.

"దొరికింది!" అని అరిచాను.

ఆ అరుపు నా ఉద్యోగ జీవితంలో నేను చేసిన మొదటి తప్పు కాదు గానీ, దాని వెనకే చేసిన తప్పు పెద్దది. మధ్యాహ్నం సద్ది విప్పుకున్నప్పుడు ఆమె వచ్చి కొంచెం దూరంగా కూర్చుంది.

"సార్, నా చెలకలనే ఉన్నదా?"

"నీ చెలకలనే ఉన్నట్టున్నది చెల్లె."

"అయితే గని పడుతదా?"

"అన్నీ కలిసొస్తే పడుతది."

"గనిల పని ఎవలకిస్తరు?"

"ముందుగాల మీ ఊరోళ్లకే" అన్నాను. ఏ అధికారంతో అన్నానో దేవుడికే తెలియాలి. ఆమె సంతోషం చూడాలని అన్నాను, అంతే. ఆ సంతోషం చూశాను కూడా. ఆమె ముఖం అంత వెలిగిపోవడం ఎప్పుడూ చూడలేదు.

మర్నాడు నా టేప్ రికార్డర్ అడిగింది. అప్పట్లో దుబాయ్ ఉత్తరాలు సగం క్యాసెట్లే. చదువు రానివాళ్లు మాట్లాడి నింపి, సెలవు మీద వచ్చి తిరిగిపోయేవాళ్ల చేతికిచ్చి పంపేవాళ్లు. జీపు వెనక సీట్లో కూర్చుని, బొత్తాం ఎట్లా నొక్కాలో నన్నడిగి తెలుసుకుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మాట్లాడింది. నేను దూరంగా పోవాల్సింది. పోలేదు.

"ఇనవడుతుందా? నేనే. బిడ్డ మంచిగున్నది. నీ పాత అంగి పట్టుకొని పంటది. గాడ మనం ఇడిసిపెట్టిన చెలకల ఈ సార్లు బంగారం దొరికింది అంటున్నరు. గని పడుతదట. నువ్వు మళ్ల సంతకం పెట్టకు. అచ్చెయ్. గీడనే పని చేసుకుందువు, పొద్దుమీకితె ఇంట్ల ఉందువు. అచ్చెయ్."

ఆమె గొంతులో ఆ 'అచ్చెయ్' వింటుంటే నాకు కార్డు ముక్క, అమ్మ గొంతు తగ్గించడం, అన్నీ గుర్తొచ్చాయి. మా నాయినను ఇట్లా పిలిచేందుకు మాకొక గుట్ట లేకపోయింది కదా అనుకున్నాను. ఆపాల్సింది పోయి, నేను చేస్తున్న పనికి గర్వపడ్డాను.

జియాలజిస్టు మాత్రం నేను గీసిన గ్రాఫు చూసి పెదవి విరిచాడు. "గిదేందిర? ఖనిజం అంటే మెల్లగ పెరిగి మెల్లగ తగ్గాలె. గిది సూది పొడిసినట్టున్నది. నీ మిషన్‌కు పూనకం అచ్చిందా ఏంది?" అన్నాడు. అడుగడుగునా మళ్లీ కొలిచి చూడమన్నాడు. నేను కొలవలేదు. పెద్దసారుకు అప్పటికే కబురు పంపేశాను, జగిత్యాలలో డ్రిల్లింగు రిగ్గు సిద్ధమవుతోంది. పైగా అతను చెప్పాడని కొలిస్తే నా పరువు ఏం కావాలి?

"సరే తియ్. రిగ్గు అచ్చేముంగట ఒక్క కందకం తవ్వించు. గదన్న చెయ్" అన్నాడు. దానికి ఒప్పుకున్నాను.

నెల గడిచేలోపు జవాబు క్యాసెట్ వచ్చింది. పక్క ఊరతను సెలవు మీద వస్తూ తెచ్చాడు. నా టేప్ రికార్డర్‌లోనే పెట్టుకుని వింది. విన్నాక పరుగెత్తుకొచ్చి చెప్పింది. రెండేళ్ల అగ్రిమెంటు అయిపోయిందట. మళ్లీ సంతకం పెడతావా పెట్టవా అని కంపెనీ వాళ్లు అడుగుతున్నారట. ఆ శనివారం వాళ్లకు పెట్టనని చెప్పేసి వచ్చేస్తాడట. ఏదన్నా చెప్పాలంటే శుక్రవారం సెలవు కాబట్టి పొద్దున తను ఉండే క్యాంపు పక్క దుకాణంలో ఉంటానని ఫోన్ నంబరు కూడా చెప్పాడు.

"అస్తున్నడు సార్!" అంది. ఆ రెండు మాటలు చెప్పడానికి మేకులన్నీ దాటుకుంటూ అంత దూరం పరుగెత్తింది.

కందకం తవ్వింది గురువారం. అంకె అన్నింటికంటే ఎక్కువ వచ్చిన చోట గునపం వేశారు. మోకాలి లోతు కూడా కాలేదు, ఖంగుమంది.

రాయి మీద గునపం పడితే ఒక చప్పుడు, ఇనుము మీద పడితే ఒకటి. ఆ తేడా తెలియడానికి చదువు అక్కర్లేదు. జియాలజిస్టు దిగి చేత్తో మట్టి తుడిచాడు. గుండ్రంగా, తుప్పు పట్టి, పైన కోసేసిన బోరు కేసింగ్ పైపు. వరస వెంట ఇంకో నాలుగు చోట్ల తవ్వించాను. నాలుగింటిలోనూ పైపులే.

పెద్దాయన బీడీ పారేసి "బోర్లు సార్. నీళ్లు వడలే" అన్నాడు.

"నీకెరుకేనా?"

"ఊరందరికి ఎరుకనే."

"మరి అడిగిననాడు చెప్పకపోతివేందే!"

ఆయన ఆమె వైపు చూడకుండా, నన్నే కాస్త జాలిగా చూశాడు. "ఆమె ముంగటనే అడుగుతిరి. ఆమె ముంగట ఎట్ల జెప్తం సార్?"

అప్పుడు ఆమె చెప్పింది. గోడకు చెప్పినట్టు, ఎవరివైపూ చూడకుండా చెప్పింది. భర్తకు చెట్లెక్కే పని మానేసి పసుపు వెయ్యాలని ఆశ. నీళ్లు చూసే మనిషి కొబ్బరికాయ అరచేతిలో పెట్టుకుని చెలకంతా తిరిగి, గుట్ట వైపునుంచి ఒకే వరసలో ఐదు చోట్లు చూపించాడు. ఐదూ ఎండిపోయాయి. పైపులు పీకితే రాలేదు. దుబాయ్ పోయేముందురోజు రంపం తెచ్చి, నాగలికి తగలనంత కిందికి తానే కోసి, మన్ను కప్పి పోయాడు.

"కండ్లకు కనవడకుంటనన్న ఉండనియ్ అన్నడు" అంది. ఆ తర్వాత నావైపు తిరిగి అడిగింది. "మీ మిషన్ బంగారాన్ని సూస్తదనుకున్న. పైపును గూడ సూస్తదని నాకేమెరుక సార్?"

ఆమెకు ఎట్లా తెలుస్తుంది? ఖనిజం కంటే ముందు ఇనుమే నా పరికరాలకు తగులుతుందని చెప్పాల్సినవాణ్ని నేను. ఇంకో సంగతి కూడా ఆరోజే అర్థమైంది. గుట్టనుంచి దిగిన పగులు వెంట గడ్డి కొంచెం పచ్చగా ఉంటుంది, నీళ్లు చూసే మనిషి దాన్ని పట్టుకునే నడిచాడు. నేను మిషన్ పట్టుకుని అదే పగులు వెంట నడిచాను. అతని కొబ్బరికాయకూ నా మాగ్నెటోమీటరుకూ తేడా ఏమిటని జియాలజిస్టు అడగలేదు. నన్ను ఎగతాళి చెయ్యని రోజు అదొక్కటే. భుజం మీద చెయ్యేసి "పోనియ్‌ర" అన్నాడు.

నాకు ఒకటే తొందర. ఎల్లుండి శనివారం. అక్కడ ఒక మనిషి నా నోటిమాట నమ్మి ఉన్న పని వదులుకోబోతున్నాడు. తప్పు నాది, దిద్దాల్సింది నేను. మర్నాడు పొద్దున్నే ఆమెను జీపులో కోరుట్ల తీసుకొచ్చాను. దారి పొడుగునా నేనే మాట్లాడాను. ఇక్కడ గని పడదు, వస్తే చేసుకోవడానికి ఏమీ లేదు, సంతకం పెట్టమని నువ్వే చెప్పు, రెండేళ్లు ఎంతలో గడుస్తాయి. ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. ఊఁ అనలేదు, ఉహూఁ అనలేదు. ఒప్పుకుందనే అనుకున్నాను.

బస్టాండు దగ్గర ఫోన్ బూత్‌లో శుక్రవారం పొద్దున జాతర ఉన్నట్టుండేది. అందరూ ఆడవాళ్లే, అందరి మగవాళ్లూ సముద్రం అవతలే. గాజు తలుపు వెనక ఒక్కొక్కరే పోయి గట్టిగా అరిచి, కళ్లు తుడుచుకుంటూ బయటికి వచ్చేవాళ్లు. మా వంతు వచ్చింది. నంబరు కలిసింది. ఆమె ఫోన్ రెండు చేతుల్తో పట్టుకుంది. తలుపు సరిగ్గా పడదు, నేను అక్కడే నిలబడ్డాను.

"ఇనవడుతుందా? బిడ్డ మంచిగున్నది. ఆఁ, అత్త మంచిగనే ఉన్నది." ఫోన్ ఇంకో చెవికి మార్చుకుంది. "గాడ బంగారం లేదు. మన పైపులు బయటికెల్లినయ్. ఆఁ, ఐదు ఎల్లినయ్." అవతల అతను ఏమన్నాడో తెలియదు. ఆమె కళ్లు గట్టిగా మూసుకుని ఒక్కసారిగా అంది. "అయినా రా. ఏం లేకున్నా రా. మళ్ల చెట్లెక్కుదువు తియ్, నేను కైకిలి పనికి పోత. నువ్వు రా."

అయ్యో, ఈ పిల్ల దుఃఖంలో ఏం చేస్తున్నదో తెలియడం లేదు, రేపు ఇద్దరూ రోడ్డున పడితే దానికి కారణం నేనే అవుతాను అనుకున్నాను. తలుపు తోసి లోపలికి పోయి ఆమె చేతిలోంచి ఫోన్ తీసుకున్నాను. తీసుకున్నాను అంటున్నాను గానీ, లాక్కున్నాను.

"తమ్మీ, నేను మిషన్ సారును మాట్లాడుతున్న. నా తప్పుతోని మీ ఇంటామె నీకు గట్ల జెప్పింది. గీడ ఏం లేదు. తొందరపడకు. సంతకం పెట్టు, రెండేండ్లు ఓపిక పట్టు."

అవతలినుంచి సన్నగా "మీరు గట్లంటే గట్లనే సార్" అన్నాడు. ఫోన్ ఆగిపోయింది.

బయటికి వచ్చాక నా భుజాల మీద బరువు దిగినట్టే ఉంది, నిజం చెబుతున్నాను. తప్పు దిద్దేశాను అనుకున్నాను. జీపు దగ్గర ఆమె ఎక్కకుండా నిలబడింది. ఏడవలేదు. కోపంగా కూడా లేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టు అడిగింది.

"నేను రమ్మన్న సార్. మీరెందుకు అద్దన్నరు?"

మీ మంచికే అనబోయి, జీపు తలుపు తీసి పట్టుకున్నాను. చిన్నప్పుడు అన్ని కార్డుల మీద 'రా' అని రాసిన చేత్తోనే కదా ఆ ఫోన్ లాక్కున్నాను.

మిగతా పని త్వరగానే ముగిసింది. గుట్ట మీద ఉన్నది అరచెయ్యి మందం చార, గని పడేంత సరుకు లేదు. రిపోర్టు కట్టేసి ఫైలు మూసేశాం. నా నోట్‌బుక్కులో ఆ ఐదు చోట్ల అంకెల మీద ఎర్ర పెన్సిల్‌తో గీత కొట్టి 'పైపు' అని రాశాను. పనికి వచ్చిన ఆఖరిరోజు దాకా ఆమె నాతో మామూలుగానే మాట్లాడింది. ఉప్పునీళ్ల మీద హాస్యాలు మాత్రం మళ్లీ ఆడలేదు. ఆ తర్వాత నాకు బదిలీలు, వేరే రాష్ట్రాలు, వేరే గుట్టలు. ఎక్కడ కరెంటు ఆపి మీటరు ముల్లు మెల్లగా దిగడం చూస్తున్నా ఆమె మొదటిరోజు అన్న మాట గుర్తొచ్చేది. ఆ ఊరు పోవాలని ప్రతి ఏడూ అనుకునేవాణ్ని. పోవడానికి మొహం చెల్లలేదు.

రిటైరయ్యాక పోయిన ఏడు పోయాను. సిరిసిల్లలో బస్సెక్కి, జగిత్యాలలో దిగి, కోరుట్లలో మారి, చివర ఆటోలో. ఆ ఫోన్ బూత్ ఉన్నచోట ఇప్పుడు సెల్‌ఫోన్ కవర్లు అమ్ముతున్నారు.

ఇల్లు అడిగితే చూపించారు. ఇంటి పక్కన బర్రెల కొట్టం. దాని రేకుల కప్పును మోస్తున్న స్తంభాలు తుప్పు పట్టిన కేసింగ్ పైపులు. లెక్కపెట్టాను. ఐదు. ఎవరో పెద్ద మిషన్ తెచ్చి పీకించారట.

కొట్టం కింద నవారు మంచం మీద తెల్లజుట్టు మనిషి కూర్చుని ఉన్నాడు. నేనెవరో చెప్పాను. లేచి నిలబడి రెండు చేతులా నమస్కారం పెట్టాడు. అతన్ని చూడటం అదే మొదటిసారి. గొంతు మాత్రం తెలుసు. ఆమె లోపల్నుంచి వచ్చింది, గుర్తుపట్టింది, చాయ్ పెట్టింది. ఇద్దరూ మామూలుగా చెబుతుంటే విన్నాను. సంతకం పెట్టిన ఏడాదికే ఆ కంపెనీ మూతపడింది. పాస్‌పోర్టు కంపెనీ సేటు దగ్గరే ఉండిపోయింది. కాగితాలు లేని మనిషిగా, పోలీసుల కంట పడకుండా, దొరికిన పని చేస్తూ తిరిగాడు. వచ్చేద్దామన్నా రావడానికి లేదు. నేను రెండేళ్లు అన్నాను. పదకొండేళ్లు పట్టింది.

"తప్పు చేసిన. మీకు మంచి జరగాలనే జెప్పిన గని..." అన్నాను.

ఆమె గ్లాసు నా చేతికిస్తూ అంది. "మీ మిషన్ జెప్పింది నిజమో అబద్ధమో తవ్వి సూసిన్రు సార్. నేను రమ్మన్నది మంచిదో చెడ్డదో సూడనియ్యకపోతిరి."

"ఊకోయే, ఇంటికచ్చిన మనిషిని" అని అతను ఆమెను ఆపాడు. ఆమె ఊరుకుంది. నాకు ఇంకో బిస్కెట్టు పెట్టింది.

అతను నన్ను రోడ్డుదాకా సాగనంపడానికి వచ్చాడు. మోకాళ్ల నొప్పులు, మెల్లగా నడుస్తున్నాడు. ఆటో కోసం నిలబడినప్పుడు నేనే అడిగాను, ఆ రోజు నా మాట వినకపోతే నిజంగా వచ్చేసేవాడివా అని.

గుట్ట వైపు తిరిగి చెప్పాడు.

"దుకాణంకాడికి ఫోన్ మాట్లాడ అచ్చేటప్పుడు పెట్టె కట్టిపెట్టే అచ్చిన సార్. బిడ్డకు గౌను కొన్న, అది నలగద్దని అన్నిటికంటె పైన పెట్టిన. మీద తాడు గూడ బిగించిన." ఆటో వస్తుంటే చెయ్యి ఎత్తి ఆపాడు. "మీతోని మాట్లాడినంక పోయి ఇప్పిన."